పేగుల్లో బ్యాక్టీరియాకీ పెద్దపేగు క్యాన్సర్‌కీ నిజంగా సంబంధం ఉందా? రోజూ పెరుగు తింటే రాకుండా ఉంటుందా?

పెరుగు సంగతి తర్వాత. మా బాబాయి క్యాన్సర్‌ని పట్టించిందే ఒక బ్యాక్టీరియా. అదీ పేగులో కాదు, రక్తంలో దొరికింది.

సాయంత్రమైతే సన్నటి జ్వరం, రాత్రి చెమటలు. మా ఊళ్లో ఏ జ్వరానికైనా ఒకటే తంతు: వైడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష, టైఫాయిడ్ అని చీటీ, సెలైన్, యాంటీబయాటిక్. ఈ వైడాల్ అంటే నాకు ఒళ్లు మంట. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కి కూడా పాజిటివ్ చూపిస్తుంది. పైగా ముందే యాంటీబయాటిక్ పడితే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) క్రిమి పెరగకపోవచ్చు, అసలు జబ్బు దాక్కుంటుంది. బాబాయికి మందు ఆపగానే జ్వరం మళ్లీ తయారు.

చివరికి పిన్ని పట్టుబట్టి గుంటూరు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు గుండెలో ఏదో తేడా చప్పుడు విని, కల్చర్‌కి పంపి, ఎకో (గుండె స్కాన్) తీయించారు. గుండె కవాటం (వాల్వు) మీద ఇన్‌ఫెక్షన్. కల్చర్‌లో స్ట్రెప్టోకాకస్ గాల్లోలిటికస్ అనే బ్యాక్టీరియా, పాత పేరు బోవిస్. రిపోర్టు చూస్తూనే, "మోషన్‌లో రక్తం పడుతోందా?" అన్నారు. పిన్ని బిత్తరపోయి, "జబ్బు గుండెకి కదండీ?" అంది. "ఈ క్రిమి రక్తంలో కనిపిస్తే పేగు చూడాల్సిందేనమ్మా" అన్నారాయన. కొలనోస్కోపీలో (గొట్టం కెమెరాతో పెద్దపేగు చూసే పరీక్ష) పాలిప్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగిన చిన్న కండ, అందులో మొదటి దశ క్యాన్సర్. వారాల తరబడి ఇంజెక్షన్లు, తర్వాత ఆపరేషన్. ఇప్పుడు పొలం వెళ్తున్నారు.

బోవిస్‌కీ పేగు క్యాన్సర్‌కీ ఉన్న ఈ లింకు 1977లోనే వైద్య పత్రికలకెక్కింది. అది నిప్పు పెట్టిందా, మంట చూసి చేరిందా అన్నది ఇంకా తేలలేదు. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో కొన్ని రకాల మీద మాత్రం అనుమానం బలంగా ఉంది. అవి కోలిబాక్టిన్ అనే విషంతో డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి. 2025లో 11 దేశాలకు చెందిన 981 మంది పేగు క్యాన్సర్ ట్యూమర్ల డీఎన్‌ఏ చదివితే, 70 ఏళ్లు దాటినవాళ్ల కంటే 40 ఏళ్ల లోపువాళ్లలో ఆ దెబ్బ గుర్తులు 3.3 రెట్లు ఎక్కువ కనిపించాయి. చిగుళ్ల దగ్గరుండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కూడా ఈ ట్యూమర్లలో తిష్ట వేస్తుంది. నన్నడిగితే ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా అని అమ్మే) సీసాలకి పెట్టే డబ్బు పళ్ల డాక్టరుకి ఇవ్వడం నయం.

పెరుగు హాయిగా తినండి, కానీ అది పాలిప్‌ని కోయదు. ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వస్తే, వాళ్ల పిల్లలు 40 ఏళ్లకల్లా కొలనోస్కోపీ చేయించుకోవాలి. బాబాయి కొడుక్కి ఈ మాట చెప్తే, "రోజూ చద్దన్నం తింటున్నాగా అన్నయ్యా" అంటాడు.