ఇంటి కలప: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ సరిహద్దుల నుంచే వచ్చాయి. కొన్ని ప్రాణహిత అవతలి గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుంచి, మిగతావి వంశధార పొడుగునా ఉన్న గజపతి, రాయగడ జిల్లాల నుంచి. అడిగిన తీరు వేరైనా దాదాపు ప్రతి ఉత్తరంలోనూ నీటి సంగతే ఉంది. చెక్కలో మిగిలిన నీరు కొన్నింట్లో, చెక్క మీద పడే నీరు కొన్నింట్లో.

ప్రశ్న: సింహద్వారానికి టేకు కొనాలి. దుంగ కొని కోయించుకోమని ఒకరు, కోసిన సైజులే కొనమని మరొకరు అంటున్నారు. ఏది లాభం? ఎంత కలప పడుతుంది?
– ఆర్., సిరొంచ

ముందు ఎంత కావాలో చూద్దాం. కోసిన కలపకు లెక్క సులువు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగులు, వస్తుంది.

మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ద్వారానికి 5×3 అంగుళాల ద్వారబంధం అనుకోండి. నిలువు కమ్మీలు రెండూ కలిపి 14.5 అడుగులు. గడప, పై కమ్మీ గోడలోకి వెళ్లే కొమ్ములతో సహా చెరి 4.5 అడుగులు, అంటే 9. మొత్తం 23.5 అడుగులు, 2.45 సీఎఫ్టీ. చిత్రికకు, చివర్లు కోసెయ్యడానికి పదోవంతు కలిపితే 2.7. ఒకటిన్నర అంగుళాల చట్రం, అంగుళం ప్యానెళ్లతో తలుపు రెక్కకు సుమారు 2.75 సీఎఫ్టీ నికరంగా పడుతుంది. ఇక్కడ తరుగు ఐదోవంతు వేసుకోవాలి, ఎందుకంటే చిత్రిక పట్టాక ఒకటిన్నర అంగుళాలు మిగలాలంటే ఒకటీ ముప్పావు మందం కొనాలి. రెక్కకు 3.3, బంధానికి 2.7, వెరసి 6 సీఎఫ్టీ. తొమ్మిదో పదో కావాలని ఎవరైనా చెబితే సైజుల చీటీ రాసిమ్మని అడగండి.

దుంగ లెక్క వేరు. నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, అంటే 4 అడుగులు, పొడవు 10 అడుగులైతే 10 సీఎఫ్టీ. నిజానికి ఆ దుంగ ఘనపరిమాణం 12.7 దాకా ఉంటుంది. ఈ కలప డిపో లెక్క కొనేవాడికి అనుకూలమని చాలామంది దీన్ని చూసే మురిసిపోతారు. కానీ బెరడు, తెల్లచెక్క, రంపపు పొట్టు, వంకర పోగా ఆ పదిలో చేవ సైజులు ఐదారు సీఎఫ్టీ కన్నా ఎక్కువ ఆశించకూడదు. కాబట్టి దుంగ రేటును 0.55తో భాగించి, కోత కూలి, బండి బాడుగ కలిపి చూడండి. అది కోసిన చేవ రేటు కన్నా తక్కువైతేనే దుంగ లాభం. ఒక్క ద్వారం కోసమైతే దుంగ జోలికి పోకపోవడమే మంచిది. లోపల బోలు ఉంటే ఆ నష్టమంతా మీదే. ఇల్లంతటికీ తలుపులు, కిటికీలు చేయిస్తున్నప్పుడు మాత్రం దుంగ కొనడంలో అర్థముంది.

మీ అడవుల టేకుకు పేరుంది. 2023లో అయోధ్య రామాలయం తలుపులకు టేకు బల్లార్షా డిపో నుంచే వెళ్లింది. అయితే పేరు చూసి కొనకండి, చేవ చూసి కొనండి. చేవ బంగారు గోధుమ రంగులో, తాకితే కాస్త జిడ్డుగా, తోలు వాసనతో ఉంటుంది. అంచున పాలిపోయి కనిపించే తెల్లచెక్క ఏ టేకుదైనా పుచ్చు పట్టేదే. తోట టేకు పనికిరాదనే మాట సగమే నిజం. తొందరగా పెరగడం దాని లోపం కాదు, చిన్న వయసులో కొట్టెయ్యడం వల్ల తెల్లచెక్క పాలు ఎక్కువ కావడమే లోపం.

తూకమూ వేయించండి. ఆరిన టేకు సీఎఫ్టీకి 18, 19 కిలోలు తూగుతుంది. 25 తూగిందంటే మీరు నీటికి కూడా టేకు ధర కడుతున్నట్టే.

కొన్న కలపకు డిపో సుత్తి ముద్ర, రవాణా పర్మిట్ ఉండాలి. సామిల్లులో కోసిన సైజులైతే బిల్లుతోపాటు వాటి పర్మిట్ వివరం రాయించుకోండి. గోదావరి దాటించి కాళేశ్వరం వైపు తీసుకెళ్లాలనుకుంటే పాస్ లేకుండా బండి కదపకండి. అంతర్రాష్ట్ర రవాణాకు దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ పాస్ విధానాన్ని కేంద్రం 2023 డిసెంబరులో తెచ్చింది.

ప్రశ్న: టేకు పలకలతో చేసిన తలుపు వానాకాలం వస్తే పట్టేస్తుంది. పోయినేడు చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో వేలు దూరేంత సందు వచ్చింది. టేకు కూడా ఉబ్బుతుందా?
– కె.ఎస్., పర్లాకిమిడి

ఉబ్బుతుందండీ. మిగతా చాలా కలపల కన్నా తక్కువ, అంతే. చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పునే కదులుతుంది. దుంగను వరసగా పలకలు కోసినప్పుడు వచ్చే మామూలు టేకు పలక, దానిలో తేమ ఒక శాతం మారితే వెడల్పులో సుమారు 0.19 శాతం మారుతుంది. మీ తలుపు 36 అంగుళాలు, అంటే 914 మిల్లీమీటర్లు. మే నెలకూ ఆగస్టుకూ తేమ 4 శాతం తేడా వచ్చిందనుకుంటే దాదాపు 7 మిల్లీమీటర్ల కదలిక. తలుపు చుట్టూ మామూలుగా వదిలే సందు 3 మిల్లీమీటర్లు. పట్టెయ్యక ఏం చేస్తుంది?

చట్రంలో ప్యానెల్ దిగిన తలుపు ఈ బాధకు విరుగుడు. అందులో వెడల్పున కదిలేవి రెండు నిలువు పట్టీలే, చెరి 5 అంగుళాలు. అదే 4 శాతానికి వాటి కదలిక 2 మిల్లీమీటర్లు దాటదు. ప్యానెల్ తన గాడిలో తాను పెరిగి తగ్గుతుంది. షరతు ఒకటే, ప్యానెల్‌కు జిగురు, మేకు తగలకూడదు. గాడి అర అంగుళం లోతు తీసి, అడుగు వెడల్పు ప్యానెల్‌కు రెండు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ వదలాలి. చాలాచోట్ల వడ్రంగులు గట్టిగా ఉంటుందని ప్యానెల్‌నూ జిగురుతో బిగిస్తారు. అప్పుడు అది ఉబ్బితే చట్రం అతుకులోని కుసి (చెక్క చివరి నాలుక) బెజ్జంలోంచి ఊడుతుంది, తగ్గితే మధ్యలో చీలుతుంది.

ఇప్పుడున్న తలుపుకు వానాకాలంలో చిత్రిక ముట్టించవద్దు. జనవరి, ఫిబ్రవరి వరకు ఆగి, తాళం వైపు అంచు మాత్రం పట్టించండి. వెనక అడ్డబద్దలకు కొట్టిన మేకులు తీసేసి, బద్దల్లో పొడుగాటి రంధ్రాలు చేసి, వాషర్లతో స్క్రూలు వేయించండి. పలకలు బద్ద మీద జారగలగాలి. ఆ తర్వాత ఆరు ముఖాలకూ పాలిష్ గానీ పెయింట్ గానీ పడాలి. తలుపు పై అంచు, కింది అంచు ఎవరికీ కనిపించవని వదిలేస్తారు. చెక్క అడ్డకోత అక్కడే బయటపడి ఉంటుంది, తేమ తాగేదీ ఎక్కువగా అక్కడే.

కొత్త తలుపు చేయించేవారు తేమ చూడకుండా మొదలుపెట్టవద్దు. పలక చివర నుంచి అడుగు లోపలికి వచ్చి అంగుళం ముక్క కోసి, చిన్న తూకంలో తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గదనేదాకా ఉంచండి. 100 గ్రాముల ముక్క 84కి దిగితే, తగ్గిన 16ని 84తో భాగించాలి. అంటే తేమ 19 శాతం. ఇంకా ఎండాలి. మీ ప్రాంతానికి 14 దగ్గర బాగుంటుంది, సిరొంచ వైపైతే 12. పలకలను నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున పేర్చి, మధ్యలో అంగుళం బద్దలు రెండడుగులకొకటి ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా పెట్టి, పైన బరువు ఉంచండి. బద్దలు వరస తప్పితే పలక అక్కడే వంగుతుంది.

ప్రశ్న: మూడేళ్లకే గడప రెండు చివర్లా మెత్తబడింది. కొంత చెద కూడా కనిపిస్తోంది. రాతి గడప పెట్టమంటున్నారు, మాకు చెక్క గడపే కావాలి.
– పి.ఎల్., బల్లార్షా

చెక్క గడపే పెట్టుకోండి. రోజూ కడిగి పసుపు రాసినంత మాత్రాన గడప పాడవదు. కడిగిన నీరు ఆరే దారి లేకపోతేనే పాడవుతుంది. తేమ 20 శాతం లోపు ఉన్న చెక్కకు కుళ్లు పట్టదు. మెత్తబడింది చివర్లేనని మీరే రాశారు. నిలువు కమ్మీ కుసి దిగే బెజ్జం, గోడలో పూడిన కొమ్ము, రెండూ అక్కడే ఉన్నాయి. పసుపు రంగు ఎనామెల్ వేసి ఉంటే అది ఇంకో కారణం. అతుకు దగ్గర పెయింట్ పగిలి నీరు లోపలికి దిగుతుంది, తిరిగి బయటకు రాదు.

తెల్లచెక్క లేని ఏగిస గానీ టేకు చేవ గానీ తీసుకోండి. పైముఖం బయటి వైపుకు 3 మిల్లీమీటర్లు వాలాలి. బెజ్జం కిందిదాకా తొలిపిస్తే దిగిన నీరు కారిపోతుంది. కుసికి, కొమ్ముల కోతలకు ఎపాక్సీ రెండు పూతలు వేసి, గోడలోకి పోయే భాగానికి తారు పూయండి. గడపను సిమెంటు మీద పరచవద్దు. రాతి పలక మీద అర అంగుళం ముక్కలు ఆనించి నిలబెట్టి, కింద గాలి ఆడనివ్వండి.

చెదకు నేల, గోడ కలిసేచోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగుకొకటి వేసి, 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలిపి, రంధ్రానికి లీటరు చొప్పున పట్టించి సిమెంటుతో మూసెయ్యాలి. చేతి తొడుగులు తప్పనిసరి. బావి పక్కనుంటే ఈ మందు వాడొద్దు.

ప్రశ్న: ఇంటి ముందు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు వసారా, బెంగుళూరు పెంకులతో వేద్దామనుకుంటున్నాం. తిత్లీ తుపానులో పాతది మొత్తం లేచిపోయింది. ఎంత దళసరి కలప వాడాలి?
– ఎం., కాశీనగర్

పాత వసారా లేచిపోయింది కలప సన్నగా ఉండి కాదు, కలపను కిందికి పట్టి ఉంచినదేమీ లేక. 2018 అక్టోబరులో తిత్లీ మీ జిల్లాలో చాలా కప్పులను అలాగే ఎత్తేసింది. మోసే బలం సంగతి తేలికే. 8 అడుగుల వాసానికి 2×4 అంగుళాల గుగ్గిలం (సాల్) గానీ నల్లమద్ది గానీ నిలువుగా నిలబెట్టి, అడుగున్నరకొకటి వేస్తే సరిపోతుంది. రీపర్లు 2×1, దూరం పెంకును బట్టి 12 నుంచి 13 అంగుళాలు. పెంకులు రీపర్లతో కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు.

ఇప్పుడు గాలి లెక్క చూడండి. తుపాను తీరానికి భవన నిర్మాణ కోడ్ తీసుకునే వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. ముందు తెరిచి ఉన్న వసారా కిందికి దూరి కప్పును పైకి నెడుతుంది. పెంకుల బరువు పోను 90 కిలోలు ఇంకా పైకే. మీ వసారా 9 చదరపు మీటర్లకు కాస్త తక్కువ, అంటే 800 కిలోల లాగుడు. సగం గోడ వైపు, సగం స్తంభాల వరస మీద. మూడు స్తంభాలుంటే మధ్యదాని మీద 200 కిలోలు.

ఆ 200 కిలోలు కప్పు నుంచి నేలదాకా ఎక్కడా తెగకుండా దిగాలి. వాసానికీ దూలానికీ మధ్య పైనుంచి కొట్టిన మేకు దీనికి పనికిరాదు. మేకు అడ్డంగా నెట్టే బలాన్ని ఆపుతుంది, పొడవునా లాగితే ఊడొస్తుంది, పచ్చి చెక్కలో కొట్టింది మరీ సులువుగా. ప్రతి వాసం మీదుగా అంగుళం వెడల్పు, 2 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ వేసి, దూలానికి రెండు వైపులా మూడేసి స్క్రూలు బిగించండి. దూలం స్తంభానికి, స్తంభం దాని అడుగున పట్టే ఇనుప షూకు 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండేసి. షూ కాళ్లు కాంక్రీటులోకి దిగాలి. ఆ కాంక్రీటు దిమ్మ 2×2 అడుగులు, ఒకటిన్నర అడుగుల లోతు ఉంటే 400 కిలోలు తూగుతుంది, మీ లాగుడుకు రెట్టింపు. స్తంభం అడుగు మాత్రం నేలకు రెండంగుళాలు పైనే ఆగాలి. కాంక్రీటులో పూడ్చిన కొయ్య ఎంత చేవదైనా నేల మట్టం దగ్గరే కుళ్లుతుంది. గోడ వైపు దూలాన్ని ఉట్టి ఇటుకలో కాక, లింటెల్ కాంక్రీటులో పూడ్చిన బోల్టులకు పట్టించండి.

చూరు అడుగున్నర దాటనివ్వకండి. చూరు వరసల్లో, కొప్పు దగ్గర ప్రతి పెంకునూ రాగి తీగతో రీపరుకు కట్టాలి. వసారా వాసాలను ఇంటి కప్పు వాసాలకు కలపవద్దు. ఒకవేళ వసారా పోయినా ఇంటి కప్పును వెంట తీసుకుపోకూడదు.

ప్రశ్న: పెరట్లో వేప కొట్టాం. తలుపులకు వాడొచ్చా?
– జి., ఆహేరి

లోపలి గదుల తలుపులకు, అలమరలకు వాడొచ్చు. చేదు కాబట్టి పుచ్చదనుకోకండి, వేప తెల్లచెక్కకూ పుచ్చు పడుతుంది. పచ్చిమీద పని చేస్తే వంకర్లు తిరుగుతుంది. రెండంగుళాల పలకలు కోయించి, పైన చెప్పినట్టు పేర్చి, ఏడాది ఆగండి.

ప్రశ్న: పశువుల పాకకు వెదురు వేస్తే ఏడాదికే పొడి రాలుతోంది. మందు ఏమైనా ఉందా?
– ఎస్.ఆర్., గుణుపురం

పొడి రాల్చే పురుగుకు కావాల్సింది వెదురులోని పిండి పదార్థం. మూడు నాలుగేళ్ల ముదురు బొంగులే కొట్టండి, లేతవాటికి మందు వేసినా నిలవవు. 100 లీటర్ల నీటికి 2 కిలోల బోరిక్ యాసిడ్, 3 కిలోల బోరాక్స్. వేడి నీటిలో విడిగా కరిగించి కలిపితే అడుగున మిగలదు. నేలలో గొయ్యి తీసి మందపాటి టార్పాలిన్ పరిస్తే తొట్టి సిద్ధం. బొంగు చివరి నుంచి పొడుగాటి ఊచతో లోపలి కణుపు అడ్డాలన్నీ పొడవాలి. పైచర్మం మందును పీల్చదు కాబట్టి అలా పొడవకపోతే శ్రమంతా వృథా. మునిగేలా రాళ్లు పెట్టి పది రోజులు ఉంచి, నీడలో నిలువుగా ఆరబెట్టండి.

ఈ మందు నీటిలో కరిగిపోయేది. అందుకే వాసాలకు, దడులకు కప్పు కిందే వాడాలి. వాన తగిలేచోట, నేలలో పాతే గుంజలకు ఇది నిలవదు. గుంజలకు నల్లమద్ది కొయ్యగానీ సిమెంటు స్తంభాలుగానీ వేసి, వెదురును వాటి మీద కట్టుకోండి. నానబెట్టిన నీరు గొడ్లు తాగేచోట పారబోయకండి. మిగిలినది మూతవేసి ఉంచితే, బలం తగ్గకుండా మందు కలుపుకుని తర్వాతి విడతకు వాడుకోవచ్చు.