రాజీనామా లెటరు టైపు చేసి పెట్టుకున్నారు... ఆపాలా, వదిలేయమనాలా?

ప్రశ్న: మా వారికి 45 ఏళ్లు. 2007 జూన్‌లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు)గా చేరారు. రెండేళ్లుగా పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో బ్రాంచి మేనేజరు. అక్కడ ఆయనతో కలిపి మొత్తం అయిదుగురే. కస్టమర్లతో ఏ ఇబ్బందీ లేదంటారు, బాధంతా పైవాళ్లతోనే. పొద్దున వీడియో కాన్ఫరెన్సు, సాయంత్రం రివ్యూ, మధ్యలో ఒకే లెక్కను నలుగురికి నాలుగు రకాలుగా పంపాలట. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే ఫోను. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని రోజూ మార్కుల గురించి నిలదీస్తారు. నాన్న స్కూటరు చప్పుడు వినగానే వాడు గదిలోకి వెళ్లిపోతున్నాడు. ఒకరోజు ‘నేను లేకపోతే మీకే హాయి’ అన్నారు. మొన్న చూస్తే ఫోన్లో రాజీనామా లెటరు టైపు చేసి ఉంది. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. ఆపాలా, వదిలేయమనాలా?
– ఓ సోదరి, నరసరావుపేట

జవాబు: మీ ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం రాసి దాటేశారు. ‘నేను లేకపోతే మీకే హాయి’. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు దీని గురించి మాట్లాడాలి. విసుగులో అన్నమాట కావచ్చు, కాకపోవచ్చు. ఏదో మీరు ఊహించి తేల్చుకోవద్దు. అబ్బాయి లేనప్పుడు, ఆయన ఫోను పక్కన పెట్టినప్పుడు సూటిగానే అడగండి: “ఆ రోజు అలా అన్నారు కదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?” ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడిగితే మనిషికి గుండె బరువు దిగుతుంది. అవునన్నా, సమాధానం దాటవేసినా ఆ రోజు ఒంటరిగా వదలకండి. ఇంట్లో, పొలం కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటే అక్కణ్నుంచి తీయించేయండి. సైకియాట్రిస్టు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రయినా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

అలాంటిదేమీ లేదన్నా రెండు వారాలు గమనించండి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, ఆకలి చావడం, ఇష్టమైనవి కూడా పట్టకపోవడం... ఇవి చాలావరకు రోజూ కనిపిస్తుంటే అది ‘పని ఒత్తిడి’ అని సరిపెట్టుకునే స్థాయి దాటింది. అదే ఊపులో బీపీ, షుగరు, ఈసీజీ కూడా చేయించండి. ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం అది గ్యాసా, టెన్షనా అన్నది ఇంట్లో తేల్చవద్దు.

ఇక బ్యాంకు. ఆయన ఎందుకు అంత అలసిపోతున్నారో మీకు అర్థం కావడం అవసరం, ఎందుకంటే ‘అందరూ చేయడం లేదా ఉద్యోగాలు’ అన్న మాట మీ నోటెంట వస్తే ఆయన ఇక మీతో చెప్పరు. బ్రాంచి పైన రీజినల్ ఆఫీసు, దాని పైన జోనల్ ఆఫీసు, ఆ పైన హెడ్డాఫీసు. రీజినల్ ఆఫీసులో వ్యవసాయ రుణాలకు ఒకరు, చిన్న పరిశ్రమలకు ఒకరు, రిటైల్‌కు ఒకరు, డిపాజిట్లకు, రికవరీకి, బీమా పాలసీలకు ఒక్కొక్కరు. వాళ్లలో ప్రతి ఒక్కరినీ జోనల్ ఆఫీసులో అదే పని చూసే సీటువాడు నిలదీస్తుంటాడు. వాళ్లందరి ప్రశ్నలూ కిందికి జారి చివరికి ఒక్క టేబుల్ మీద పడతాయి, అది మీ వారి టేబులు. ఉన్నది అయిదుగురు మనుషులు. వాళ్లలో ఒకరు క్యాషు కౌంటరులో, ఒకరు బంగారం రుణాల దగ్గర ఉంటే ఇక మిగిలేదెవరు? పని చేసే చేతులకంటే పని ఎంతవరకు వచ్చిందని అడిగే నోళ్లు ఎక్కువైన చోట ఎంత మంచి అధికారికైనా తాను చేతకానివాణ్నన్న అనుమానం మొదలవుతుంది. మీ వారికి కూడా అదే జరుగుతున్నట్టుంది.

ఇందులో ఆయన మార్చగలిగింది కొంత ఉంది. అన్నిటికంటే ముందు ఆ నాలుగు రకాల లెక్కల సంగతి. ఉదాహరణకు వాయిదా తప్పిన ఖాతాలు. 30 రోజుల్లోపు బాకీ పడితే ఒక వర్గం, 31 నుంచి 60 ఒకటి, 61 నుంచి 90 ఇంకొకటి, 90 దాటితే మొండి బాకీ. రికవరీ సీటు అడుగుతుంది ఈ లెక్కే, వ్యవసాయం సీటూ ఇదే అడుగుతుంది, రీజినల్ హెడ్ అడిగేదీ ఇదే. పొద్దున ఒకరికి నిన్నటి అంకె, మధ్యాహ్నం ఇంకొకరికి అప్పటికప్పుడు కంప్యూటర్లో కనిపించిన అంకె, సాయంత్రం మూడో ఆయనకు జ్ఞాపకం మీద చెప్పిన అంకె వెళ్తాయి. మూడూ కలవవు. రాత్రి ఎనిమిదికి వచ్చే ఫోన్లలో చాలా మటుకు ‘ఎందుకు కలవలేదు’ అనేవే.

దీనికి మందు ఒక్కటే షీటు. పది పన్నెండు వరుసలు చాలు: డిపాజిట్లు, కొత్త రుణాల దరఖాస్తులు, మంజూరు, పంపిణీ, వాయిదా తప్పిన మూడు వర్గాలు, మొండి బాకీలో వసూలు, బీమా, పెన్షన్ నమోదులు. పైన పెద్దక్షరాలతో ‘నిన్నటి డే-ఎండ్ నాటికి’, అంటే నిన్న రోజు లెక్కలు మూసేనాటికి, అని ఉండాలి. ఈ మాటే ప్రాణం. దాన్ని నింపేది మేనేజరు కాకూడదు. బ్రాంచి తెరవగానే ఒక ఆఫీసరు ఇరవై నిమిషాల్లో కోర్ బ్యాంకింగ్ రిపోర్టుల్లోంచి నింపి, పదీ పావుకల్లా సీట్లన్నిటికీ ఒకే మెయిల్‌గా పంపాలి. తర్వాత ఎవరు ఫోన్ చేసినా “పొద్దున మెయిల్లో ఆరో వరుస సర్” అని చెప్పాలి, కొత్త అంకె చెప్పకూడదు. మొదటి వారం కసురుతారు. ‘మా ఫార్మాట్లో పంపండి’ అంటారు. అప్పుడు ఎదురు చెప్పకుండా ఆ ఫార్మాట్‌ను షీటులోనే రెండో పేజీగా పెట్టి, మొదటి పేజీలోని అంకెలు దానంతట అవే అక్కడికి వచ్చేలా లింకు చేస్తే సరి. మూడో వారానికి ఫోన్లు తగ్గుతాయి. పూర్తిగా పోవు, అది మాత్రం ఆశించవద్దు. మార్చి నెలలో అసలే పనిచేయదు.

రెండోది, ఫోన్లో వచ్చే ఆదేశాలు. ఇది ఒత్తిడి కంటే ప్రమాదకరం. ‘ఈరోజు ఆ లోను రిలీజ్ చేసెయ్యండి, పేపర్లు తర్వాత చూసుకుందాం’ అన్న మాటకు సాక్ష్యం ఉండదు. మూడేళ్ల తర్వాత ఆ ఖాతా మొండి బాకీ అయితే సంజాయిషీ నోటీసు వచ్చేది సంతకం చేసినవాడికే. పైఅధికారి నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలని జాతీయ బ్యాంకుల అధికారుల ప్రవర్తనా నియమావళి 3వ నిబంధనే చెబుతోంది. కాబట్టి అడగడం తలపొగరు కాదు. పోట్లాట అక్కర్లేదు, అదే రోజు మూడు లైన్ల మెయిల్ చాలు: ‘ఈ ఉదయం 11.20కి ఫోన్లో సూచించిన విధంగా ఫలానా ఖాతాలో పంపిణీ చేయడానికి సిద్ధంగా ఉన్నాము. లీగల్ ఒపీనియన్ ఇంకా రావలసి ఉంది. ఈ స్థితిలో పంపిణీ చేయవచ్చునని దయచేసి ధ్రువీకరించగలరు.’ పదింట తొమ్మిదిసార్లు దీనికి జవాబు రాదు. జవాబు వచ్చేదాకా డబ్బు కదలకూడదు, అంతే. ఫోను చేసి ‘ఇదేం మెయిలయ్యా’ అంటే, “రికార్డు కోసం సర్” అన్న రెండు ముక్కలు చాలు.

మరో సంగతి, ఇది మీరు ఇంట్లోనే కనిపెట్టగలరు. ఆయన జీతం ఖాతా పాస్‌బుక్ ఒకసారి చూడండి. 20 రూపాయలు, 436 రూపాయలు తెలియని పేర్ల మీద వెళ్తున్నాయా? అవి సురక్ష బీమా, జీవన్ జ్యోతి బీమా ప్రీమియంలు. టార్గెట్ నిండక చేతి డబ్బు పెట్టి జనాన్ని చేర్చే మేనేజర్లు ఉన్నారు. అంతకంటే చెడ్డది, వాయిదా తప్పిన రైతు ఖాతాలో నెలాఖరున తన ఖాతాలోంచి వెయ్యో రెండు వేలో వేసి మొండి బాకీ కాకుండా ఆపడం. మంచితనంతో చేసినా ఆడిట్‌లో సిబ్బంది ఖాతా నుంచి రుణగ్రహీత ఖాతాకు వెళ్లిన సొమ్మంటే వెంటనే ఎర్రగీత పడుతుంది. అలాంటివి కనిపిస్తే కోప్పడకుండా ఆ రోజే ఆపించండి.

వాట్సాప్ గ్రూపుల గురించి కూడా. రాత్రి తొమ్మిదిన్నరకు రీజినల్ ఆఫీసు గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది, దాని కింద యాభై బ్రాంచిల నుంచి ‘నోటెడ్ సర్’, పక్కన దండం బొమ్మ. ఆ యాభై దండాల వల్ల ఒక్క రూపాయి వసూలు కాదు, యాభై ఇళ్లలో అన్నాలు మాత్రం చల్లారిపోతాయి. గ్రూపులన్నిటినీ ‘ఎల్లప్పుడూ మ్యూట్’లో పెట్టి, ఆర్కైవ్‌లోకి తోసేయమనండి. రీజినల్ హెడ్, బ్రాంచి తాళాలు పంచుకునే జాయింట్ కస్టోడియన్, అలారం నంబరు... ఈ మూడింటికి మాత్రం రింగ్ వచ్చేలా ‘డు నాట్ డిస్టర్బ్’లో మినహాయింపు పెట్టుకోవచ్చు. బ్రాంచిలో దొంగతనమో నిప్పో అయితే మెసేజ్ పెట్టరు, ఫోనే చేస్తారు. మిగతావాటికి పొద్దున ఎనిమిదిన్నరకు ఒకేసారి జవాబు. ఫోను కంచం పక్కన కాదు, హాల్లో చార్జింగు దగ్గర ఉండాలి. ఇది ఆయన ఒక్కడికే నియమంగా పెడితే నిలవదు. మీ ఫోను, అబ్బాయి ఫోను కూడా అక్కడే పెట్టండి.

అబ్బాయి విషయంలో ఒకటి గమనించారా? రోజూ ఎన్ని మార్కులు, ఎందుకు తగ్గాయి, రేపటికి ఏం చేస్తావు... పొద్దున ఆయన్ని వీడియో కాన్ఫరెన్సులో అడిగే ప్రశ్నలే ఇవి. ఆయన ఇంటికొచ్చి తెలియకుండానే రీజినల్ ఆఫీసు పాత్ర వేస్తున్నారు. ఈ మాట అబ్బాయి ముందు అనకండి, ఎత్తిపొడుపుగా అసలే అనకండి. ఇద్దరే ఉన్నప్పుడు “వాడితో మార్కుల మాట ఆదివారం ఒక్కరోజే మాట్లాడుకుందామా?” అని అడిగి చూడండి. ఆదివారం అరగంట, అది కూడా వాడే పుస్తకాలు తెచ్చుకున్నాక. మిగతా ఆరు రోజులు చదువు సంగతి మీరు చూసుకోండి. ఇంటికి రాగానే మొదటి అరగంట ఆయన్ని కూడా ఏమీ అడగకండి, ‘ఈరోజూ లేటేనా’ అని అసలే వద్దు. స్నానం, టీ, కాసేపు మేడ మీద నడక, తర్వాత మాటలు.

సెలవు సంగతి. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లకు ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, ఒకేసారి కనీసం 10 పనిదినాలు తప్పనిసరి సెలవు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2021లో ఆదేశించింది. మోసాలు బయటపడటానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ రోజుల్లో ఆయన ఆఫీసు మెయిల్ తప్ప బ్యాంకు పని ఏదీ ముట్టుకోకూడదు. బ్రాంచి మేనేజర్లలో చాలామంది ఆ సెలవులో కూడా ఫోన్లో బ్రాంచి నడుపుతుంటారు. మీ వారికి అది వచ్చినప్పుడు ఊళ్లో ఉండకండి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఆపమని చెప్పను, వదిలేయమని కూడా చెప్పను. ‘ఎప్పుడు’, ‘ఏ పేరుతో’ అన్న రెండు తేలకుండా ఏ లెటరూ పంపకూడదు. 2010 ఏప్రిల్ 1కి ముందు చేరారు కాబట్టి ఆయన పాత పెన్షన్ పథకంలో ఉంటారు, ఆ తర్వాత చేరినవాళ్లలా జాతీయ పెన్షన్ పథకం (ఎన్‌పీఎస్)లో కాదు. 1995 పెన్షన్ నియమాల ప్రకారం రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పెన్షన్‌కు లెక్కలోకి రాదు. ఆయన జీతంలో కోసిన పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొస్తాయి. బ్యాంకు వాటా పీఎఫ్ ఎప్పుడో పెన్షన్ నిధికి వెళ్లిపోయింది, అది రాదు. మీకు రావలసిన కుటుంబ పెన్షన్ కూడా పోతుంది.

అదే 20 ఏళ్ల అర్హ సర్వీసు నిండాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పెన్షన్ వస్తుంది. 33 ఏళ్లు చేసినవారికి పెన్షన్‌కు లెక్కించే సగటు జీతంలో సగం ఇస్తారు, తక్కువ సర్వీసుకు ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. స్వచ్ఛందంగా వెళ్లేవారికి అయిదేళ్ల వరకు సర్వీసు కలుపుతారు. అంటే 20కి 25గా లెక్కేసి 33తో భాగిస్తే, ఆ జీతంలో దాదాపు 38 శాతం, పైన కరవు భత్యం. 2007 జూన్ నుంచి లెక్కేస్తే 2027 జూన్‌కి 20 నిండుతాయి. జీతం నష్టంతో పెట్టిన సెలవులు ఏమైనా ఉంటే ఆ రోజులు సాధారణంగా అర్హ సర్వీసులో కలవవు, తేదీ అంత ఆలస్యమవుతుంది. కాబట్టి హెచ్‌ఆర్ నుంచి సర్వీసు వివరాల పత్రం తీసుకుని ఆ తేదీ ఏమిటో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇంటి లోను బ్యాంకు సిబ్బంది రాయితీ వడ్డీ మీదయితే, వెళ్లిపోయాక వడ్డీ ఎంతవుతుందో, కిస్తీ ఎంత పెరుగుతుందో కూడా అప్పుడే అడగాలి. విచారణ ఏదైనా పెండింగులో ఉంటే పదవీ విరమణను ఆపేయగలరు. పైన చెప్పిన మెయిల్ అలవాటు ఈ పనికి కూడా ఉపయోగం.

ఆ తేదీ వరకు ఇదే కుర్చీలో ఉండక్కర్లేదు. బదిలీల వేళ రాకముందే, ఆరోగ్య కారణం డాక్టరు కాగితంతో చూపించి, బ్రాంచి హెడ్ బాధ్యత లేని సీటు కోరవచ్చు: రుణాల ప్రాసెసింగ్ సెంటరు, ఆడిట్ విభాగం, ట్రైనింగు. ప్రమోషన్ వెనకబడొచ్చు. ఆ నష్టం ఎంత అన్నది మీరిద్దరూ కూర్చుని కాగితం మీద వేసుకోండి.

ఫోన్లో ఉన్న ఆ లెటరును తీసేయమని మాత్రం అనకండి. చేతిలో దారి ఒకటి ఉందన్న ధీమాతోనే ఆయన రోజూ స్కూటరెక్కి వెళ్తున్నారేమో. కూర్చోబెట్టి, అందులో ‘రాజీనామా’ అన్న చోట ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ అని మార్పించి, కింద తేదీ ఖాళీగా ఉంచమనండి. సర్వీసు పత్రం వచ్చాక నింపుకోవచ్చు.