ఇంజన్ నమూనాకు తుప్పు రంగు కొనే ముందు

హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా, కొత్తగా కొన్న డబ్ల్యూఏజీ-9 అనే గూడ్సు విద్యుత్ ఇంజన్ నమూనా ఆటబొమ్మలా మెరిసిపోతోందని, అది నిజం ఇంజన్‌లా కనిపించాలంటే ఏ రకం తుప్పు రంగు కొనాలో చెప్పమని ఒంగోలు నుంచి ఒకరు అడిగారు. తుప్పు రంగు అసలు కొనవద్దన్నది నా సమాధానం. రోజూ పట్టాల మీద తిరిగే ఇంజన్ ఒంటి మీద మసి, దుమ్ము, నూనె, బ్రేకుల పొడి, నీటి చారలు ఉంటాయి గాని, తుప్పు ఉండేది చాలా తక్కువ. మన వాళ్లు విదేశీ వీడియోలు చూసి, ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఇంజన్లకు పూసే రంగులను, నిన్న రాత్రి సరుకు లాగివచ్చిన ఇంజన్‌కు పూస్తున్నారు. ఈ సంగతి నేను పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు, మా నాయన దగ్గర నేర్చుకున్నది.

మా నాయన బిట్రగుంట షెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేశారు. 1950 నుంచి 1970 దాకా చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూజీ రకం ఇంజన్లంటే ఆయనకు ప్రాణం. ఆ రకం నమూనా బజారులో నాకు దొరకలేదు కనుక, నాలుగు జతల పెద్ద చక్రాలున్న ఒక విదేశీ ఇంజన్ చట్రాన్ని తీసుకొని, దాని మీద ప్లాస్టిక్ రేకుతో బాయిలర్, క్యాబ్, వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ సొంతంగా కట్టాను. చేతికమ్ములకు నెల్లూరులోని మోటారు వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ వాడాను. నిజం ఇంజన్‌లో ఇరవై ఆరు మిల్లీమీటర్ల లావుండే కమ్మి 87వ వంతుకు తగ్గితే 0.3 మిల్లీమీటర్లు అవుతుంది. కంపెనీలు నమూనాలకు అచ్చుపోసే ప్లాస్టిక్ కమ్ములు ఆ లెక్కన నీళ్ల గొట్టమంత లావుంటాయి, వాటిని కోసి పారేసి తీగ పెట్టుకోవడమే మేలు. అంతా అయ్యాక బాయిలర్ నిండా గోధుమ, నారింజ రంగులు అద్ది, మంచి తుప్పు తెప్పించానన్న సంబరంతో నాయన ముందు పెట్టాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూశారు. “ఏందబ్బయా ఇది, బాయిలరుకు తుప్పు పట్టించినావే? లైన్లో తిరిగే ఇంజన్ దినామూ కాలతా ఉంటది, దినామూ నూనె గుడ్డ పెట్టి తుడిచేవోళ్లం. ఇంక తుప్పెట్టా పడతది?” అన్నారు. తరవాత బాయిలర్ పక్కన నేను గుండుసూది తలలతో పెట్టిన వాష్‌అవుట్ ప్లగ్గుల (బాయిలర్ లోపల కడిగే రంధ్రాలకు బిగించే మూతల) మీద గోరు ఆనించి, “ఈడ నీళ్ల మరక ఏదీ? ప్లగ్గు కాడ కారకుండా ఉంటదా? కారిన నీళ్లు ఆ వేడికి ఆడికాడనే ఇగిరిపోయి సున్నం మిగలతది” అన్నారు.

అంటూనే వక్కాకు సంచిలోంచి సున్నపు డబ్బీ తీశారు. చీపురు పుల్ల చివర నమిలి మెత్తగా చేసి, సున్నంలో ముంచి, ఎక్కువైన తడిని బొటనవేలి గోటికి తుడిచి, ప్లగ్గు దగ్గర ఆనించి ఒక్క లాగు కిందికి లాగారు. పైన చిక్కగా మొదలై, కిందికి పోయేకొద్దీ పలచబడి, బాయిలర్ వంపు తిరిగే చోట చిన్నగా పక్కకు ఒరిగి ఆ గీత ఆగిపోయింది. తడి మీద అంతగా కనిపించలేదు గాని, తెల్లవారి చూస్తే బాయిలర్ మీద వెంట్రుకంత సన్నని తెల్లని చార తేలి ఉంది. బాయిలర్ నీటిలోంచి మిగిలే పెచ్చులో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. తడి సున్నం గాలి పీల్చుకొని ఆరాక అయ్యేదీ అదే. నేను ఏ సీసా రంగు పూసినా ఆ తెలుపు వచ్చేది కాదు. గీత సన్నగా ఉండడమూ ముఖ్యమే, ఎందుకంటే ఈ స్కేలులో అర మిల్లీమీటరు వెడల్పు గీత నిజం ఇంజన్ మీద నాలుగు సెంటీమీటర్లు దాటిన మరకతో సమానం.

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినవన్నీ రాసుకున్నాను. చక్రాలను తిప్పే కడ్డీలు నూనెతో తడిసి మెరుస్తూ ఉండాలి, వాటికి మెరుపు తగ్గించే వార్నిష్ కొట్టకూడదు. ముందరి పొగపెట్టె వేడికి రంగు కాలి, బాయిలర్ కంటే వెలిసి బూడిద చాయకు తిరుగుతుంది. టెండర్ మీద బొగ్గుపొడి ఫైర్‌మన్ కాలు పెట్టే చోట అరిగిపోయి, మూలల్లో పేరుకొని ఉంటుంది. నేను అద్దిన తుప్పంతా స్పిరిట్‌తో తుడిచేసి, ఈ లెక్క ప్రకారం మళ్లీ మొదలుపెట్టాను.

మీ విద్యుత్ ఇంజన్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఒంగోలు స్టేషన్‌లో గూడ్సు బండి ఆగినప్పుడు పాదచారుల వంతెన ఎక్కి ఇంజన్ పైకప్పును చూడండి. పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం, అంటే పాంటోగ్రాఫ్, మీది కార్బన్ పట్టీ ఆ తీగకు రాసుకొని అరిగిన నల్లటి పొడి దాని చుట్టూ పరచుకొని ఉంటుంది, పక్క గోడల మీద అంత నలుపు కనిపించదు. చక్రాల చట్రం దగ్గర బ్రేకుల పొడి, పట్టాల దుమ్ము కలిసిన మట్టి రంగు అడుగున దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. మెత్తటి పాస్టెల్ సుద్దను బ్లేడుతో గీకి, ఆ పొడిని పొడి కుంచెతో కింది నుంచి పైకి అద్దితే ఇది వస్తుంది. ముందరి అద్దానికి దుమ్ము పట్టించే ముందు వైపర్ తిరిగే మేర టేపును అర్ధచంద్రాకారంలో కోసి అంటించండి, ఆ తరవాత తీసేస్తే తుడిచిన జాగా శుభ్రంగా మిగులుతుంది. తుప్పు రంగు ఇప్పటికే కొని ఉంటే కృష్ణపట్నం వైపు నడిచే బొగ్గు వ్యాగన్ల లోపలికి వాడండి, బొగ్గు రాపిడికి రంగు లేచిపోయిన ఆ గోడలకు అది న్యాయంగా కుదురుతుంది.

ఇంత శ్రమపడినా ఒక లోపం మిగిలే ఉంటుంది, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి లెక్క. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు గనుక పందొమ్మిది మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. మన ఇంజన్లు ఆ ఇరుకు పట్టాల మీద కాళ్లు దగ్గరగా పెట్టుకొని నిలబడినట్టుంటాయి. ఇంతమంది కొనుగోలుదారులున్న దేశంలో సరైన గేజి పట్టాలు అంగడికి పోయి సులువుగా కొనుక్కునే వీలు లేకపోవడం అన్యాయం.

చివరగా వార్నిష్ సంగతి. సుద్దపొడి నిలవాలంటే మెరుపులేని వార్నిష్ పలచగా కొట్టాలి, కాని దాని తడికి పొడి సగం కనబడకుండా పోతుంది కనుక ముందే కొంచెం ఎక్కువ అద్దుకోవాలి. నాయన గీసిన సున్నపు చార మీద మాత్రం నేను వార్నిష్ పడనివ్వలేదు. ముసురు పట్టిన రోజున ఈ పని అసలు పెట్టుకోకండి. వార్నిష్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ నమూనా పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి అంతా పాలపొరలా తెల్లబడుతుంది. ఒక నవంబరు నెలలో, వాయుగుండం పట్టిన రోజున, నా టెండర్ అలాగే పాడైంది. వారం తరవాత ఎండ కాసిన రోజున థిన్నర్‌ను మంచులా చల్లితే గాని ఆ తెలుపు పోలేదు. మన కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి, ఆరేసిన బట్టలు పూటలో ఆరే రోజులు వచ్చేదాకా ఆ డబ్బా మూత తీయకండి.