మెట్ల దీపం స్విచ్చి గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త ఇంట్లో దీపాలు, తాళాలు, సెన్సర్లు కలిపి నలభై దాకా స్మార్ట్ పరికరాలు పెడుతున్నావనీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపే పని ఎవరికీ అప్పగించకుండా నువ్వే చేసుకుంటానన్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నా స్క్రూడ్రైవరు ఎత్తుకుపోయి రేడియో విప్పిన పిల్లవు, నీకు చేతకాదని నేననను. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె, అదే హబ్బు, దానికి రూటరులో మారని ఐపీ అడ్రసు కేటాయించు. స్మార్ట్ స్విచ్చిలు కొనేముందు గోడ బాక్సులో న్యూట్రల్ వైరు ఉందో లేదో చూసుకో. 2022 అక్టోబరులో మ్యాటర్ ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల వస్తువులను కలపడం సులువైన మాట నిజమే కానీ, డబ్బా మీద ఆ గుర్తు ఉన్నంత మాత్రాన వస్తువు చేసే పనులన్నీ ప్రతి యాప్‌లోనూ కనిపిస్తాయనుకోకు. వై-ఫై, ఈ చిన్న పరికరాలు వైర్లు లేకుండా హబ్బుతో మాట్లాడుకునే జిగ్బీ అనే రేడియో పద్ధతి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తోసుకుంటాయి కనుక, వై-ఫైని 1వ చానెల్‌లోనో 6వ చానెల్‌లోనో ఉంచి జిగ్బీని 25కు మార్చు. ఈ మార్పు పరికరాలు చేర్చకముందే చెయ్యి, తరువాతైతే కొన్నింటిని మళ్లీ మొదటినుంచి చేర్చుకోవలసి వస్తుంది.

కరెంటుతో నడిచే జిగ్బీ పరికరాలు చాలావరకు పక్కవాటి సందేశాలను అందుకొని ముందుకు పంపుతాయి, బ్యాటరీవి పంపవు. కాబట్టి ఎవరైనా గోడ స్విచ్చి నొక్కి స్మార్ట్ బల్బుకు కరెంటు ఆపేస్తే, ఆ బల్బు మీదుగా మాట్లాడే సెన్సరు గొంతు కూడా పడిపోవచ్చు. ఇది తెలిసిన ఉత్సాహంలోనే నేను నా తప్పు చేశాను. మెట్ల దీపం స్విచ్చిని మీ పెద్దమ్మ అలవాటు కొద్దీ ఆపేసేది. మూడుసార్లు చెప్పి చూసి, నాలుగోసారి దాని మీద రెండు పొరల టేపు అంటించాను. మనిషి కదలగానే సెన్సరే దీపం వెలిగిస్తున్నప్పుడు ఇక స్విచ్చితో పనేమిటన్నది నా వాదన. వెలిగించమని చెప్పే ఆ నియమం మా ఇంట్లో లేదనీ, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరులో ఉందనీ నేను పట్టించుకోలేదు.

ఒక రాత్రి ఇంటర్నెట్ పోయింది. మీ పెద్దమ్మ మంచినీళ్లకని దిగుతుంటే సెన్సరు మీది చిన్న ఎర్ర దీపం మెరిసిందట. అంటే అది ఆవిడను చూసింది. చూసిన కబురు ఇల్లు దాటడానికే దారి లేకపోయింది. దీపం వెలగకపోయేసరికి ఆవిడ చీకట్లో గోడ తడిమింది. స్విచ్చి చేతికి తగిలింది గానీ టేపు కింద అది కదలలేదు. అంచు గోటితో గీకి గీకి, విసిగి, ఇంకా ఒక మెట్టుందన్నది మరచి అడుగు వేసింది. కుడి మణికట్టు విరిగింది. మరునాడు నేనేం చేశానో తెలుసా? బల్బు మార్చాను, సెన్సరు బ్యాటరీ మార్చాను, టేపు జోలికి మాత్రం పోలేదు. దాన్ని ఆవిడే ఎడమచేత్తో ఒలిచి ఉండచుట్టి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అంటే బాగుండేది, అనలేదు.

అందుకని, నియమాలన్నీ ఇంట్లోని హబ్బులోనే నడిచేటట్టు చూడు. మెట్ల దగ్గర, స్నానాలగదిలో స్మార్ట్ బల్బులకు బదులు స్మార్ట్ స్విచ్చిలు పెట్టు. హబ్బు మూగబోయినా వేలితో నొక్కితే దీపం వెలగాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ బల్బు ఎలా లేవాలో సెట్టింగుల్లో ముందే చెప్పకపోతే, అర్ధరాత్రి ఇల్లంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. తలుపు తాళానికి బ్యాటరీ ఎప్పుడైనా అయిపోతుంది, మామూలు తాళంచెవి ఒకటి ఇంటి బయట నమ్మకమైన చోట ఉంచు. అర్ధరాత్రి అప్‌డేట్లు వేసే నీ దుడుకుతనం నాకు తెలియనిది కాదు. హబ్బుకు బ్యాకప్ తీయకుండా వేసి అన్నీ పోగొట్టుకొని, పెదనాన్నా అంటూ ఫోను చేశావో, ముందు తిట్లు తింటావు, తరువాతే వస్తాను. వస్తాను సుమా, ఆ అనుమానం పెట్టుకోకు.

అంతా అమర్చాక నాకు కబురు పెట్టు. మోడెమ్ ప్లగ్గు తీసేసి, నీ ఫోను నా చేతికిచ్చి, చీకట్లో పైనుంచి దిగి రా. నేను కింది మెట్టు దగ్గర నిలబడి ఉంటాను.