ముక్కు ఒక్కదాన్నే చూడకు, శ్రావణీ

చి. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. పెళ్లివారి తరఫు పెద్దాయనెవరో నీ ఫోటో చూసి, ముక్కు మీద బొడిపె ఉన్న పిల్ల అడుగుపెడితే ఇంటికి కలిసిరాదన్నారట. నువ్వు మర్నాడే సెలవు పెట్టి ఏదో క్లినిక్‌కి వెళ్లి ముక్కు ఆపరేషన్‌కి రేటు కనుక్కొచ్చావట. ప్లాస్టిక్ సర్జన్‌గా నా ఉద్యోగమంతా ముఖాల మీదే గడిచింది కాబట్టి నీతో ఈ మాట మాట్లాడే చనువు, బాధ్యత రెండూ నాకున్నాయి. ఆపరేషన్ వద్దని అనడం లేదు. చేయించుకోవాలనుకుంటే దేని గురించి ఆలోచించాలో చెబుతాను, తీరిగ్గా చదువు.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం. సాముద్రికం, అంటే ఒంటి లక్షణాలు చూసి మనిషి అదృష్టం చెప్పడం, మన దగ్గర చాలా పాత విద్య. ఆరో శతాబ్దంలో జ్యోతిష్కుడు వరాహమిహిరుడు బృహత్సంహిత అనే గ్రంథంలో మగవాళ్ల లక్షణాలకి ఒక అధ్యాయం, ఆడపిల్లల లక్షణాలకి ఇంకో అధ్యాయం కేటాయించాడు. చిలక ముక్కున్నవాడు సుఖపడతాడన్నాడు. చిలక ముక్కంటే ఏమిటి? పైన కాస్త వంపు, కొన కాస్త కిందికి. మీ నాన్న ముక్కూ నీ ముక్కూ అచ్చం అంతే. అదే వంపుని చైనా ముఖసాముద్రికం గద్ద ముక్కంటుంది, అలాంటివాళ్లు జిత్తులమారులంటుంది. వాళ్ల లెక్కలో ముక్కు ధనస్థానం, ఎదురుగా చూస్తే రంధ్రాలు కనిపించేవాళ్ల దగ్గర డబ్బు నిలవదు. కొరియాలో ఈ విద్యని గ్వాన్‌సాంగ్ అంటారు. అదృష్టం కలిసొచ్చే ముఖం కావాలని సియోల్‌లో సర్జన్ల దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. నీ ముక్కునే పట్టుకుని ఊరూరా తిరిగితే ఒకచోట సుఖం, ఇంకోచోట కపటం, ఇప్పుడు ఈయన దగ్గర దరిద్రం. ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్పేదాన్ని నమ్మి కత్తి కింద పడుకోవడం నాకు ఒప్పుకోలేని సంగతి.

ఇంకో మాట. ఆ శాస్త్రాన్ని నిజంగా చదివినవాళ్లు ఒక్క అవయవాన్ని చూసి జాతకం తేల్చరు. ఎత్తు, బరువు, నడక, గొంతు, మేనిరంగు, చర్మపు నిగారింపు, స్వభావం, ఇవన్నీ చూశాకే ఫలితం చెప్పాలని బృహత్సంహితలో లక్షణాల అధ్యాయం మొదట్లోనే ఉంది. నువ్వు నడవగా చూడని, నీ గొంతు వినని మనిషి ఒక ఫోటోలో బొడిపె పట్టుకుని తీర్పు చెప్పాడంటే, శాస్త్రం ప్రకారం కూడా అది చెల్లదు.

మా వృత్తిలోనూ అంతే. మంచి సర్జన్ నీ ముక్కు కన్నా ముందు నీ ముఖం మొత్తం చూస్తాడు. ముక్కు తిమ్మన అన్న పేరు ఏ పద్యం వల్ల వచ్చిందంటారో నీకు గుర్తుండే ఉంటుంది. తుమ్మెద తన మీద వాలడం లేదని సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కై పుట్టింది, అప్పుడు అటొకటి ఇటొకటి కళ్లనే తుమ్మెదలు దానికి దక్కాయి. కళ్లు తీసేస్తే ఆ పద్యంలో ముక్కుకి అందమే లేదు. మేము సర్జరీలో హార్మనీ అని, అంటే ముఖంలో అన్నీ ఒకదానికొకటి కుదరడమని, నేర్చుకునేది ఇదే, ఆయన అయిదు వందల ఏళ్ల కిందటే చెప్పేశాడు.

కొలతల మాటా చెబుతాను, ఎందుకంటే క్లినిక్‌లో నీకు కంప్యూటర్ మీద గీతలు గీసి చూపిస్తారు. ముఖం నిడివిని మూడు వాటాలు చేస్తారు: జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, అక్కణ్నుంచి ముక్కు అడుగు దాకా, అక్కణ్నుంచి గడ్డం దాకా. వెడల్పు అయిదు కళ్లంత. చైనా వాళ్ల పాత లెక్కా అదే. బృహత్సంహితలో విగ్రహాల కొలతలు చెప్పేచోట ముఖం 12 అంగుళాలు, అందులో నుదురు, ముక్కు, గడ్డం తలా 4 అంగుళాలు. అయితే ఆ అంగుళం ఎవరిది? ఆ మూర్తిదే. ఎవరి కొలత వాళ్ల వేలితోనే. పైగా ముఖం నిడివి 14 అంగుళాలని నగ్నజిత్తు అనే పాత శిల్పశాస్త్రకర్త అన్నాడనీ, అది ద్రావిడ కొలత అనీ వరాహమిహిరుడే పక్కన రాశాడు. రాతి విగ్రహానికే ఇంత వెసులుబాటు ఉంది! మన కాలంలో టొరంటోలో లెస్లీ ఫర్కస్ అనే ఆయన ఏళ్ల తరబడి మనుషుల ముఖాలు కొలిచి, ఈ సమాన వాటాలు చాలామందికి సరిపోవని తేల్చాడు. కాబట్టి స్క్రీన్ మీద నీ ముఖానికి గీతలు సరిపడకపోతే బెంబేలు పడకు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న ముఖం కాబట్టి చెబుతున్నాను, నీ ముక్కు పెద్దది కాదు. గడ్డం కాస్త వెనక్కి ఉంది. పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి తీసుకుని, కింది పెదవి అంచు నుంచి స్కేలుతో నిట్టనిలువుగా కిందికి గీత గియ్యి. గడ్డం ఆ గీత దగ్గరికి రావాలి. ఆడవాళ్లలో రెండు మూడు మిల్లీమీటర్లు వెనకున్నా ముచ్చటగానే ఉంటుంది. నీది అంతకన్నా వెనకుందని నా అనుమానం. అలాంటప్పుడు ముక్కు ఎంత ఉన్నా ముందుకొచ్చినట్టే కనిపిస్తుంది. బొడిపె చెక్కించుకుని ఇంటికొచ్చాక కూడా ఏదో వెలితిగానే ఉందనుకునేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే. గడ్డం ఊసెత్తకుండా ముక్కుకి మాత్రమే రేటు చెప్పారంటే, ఆ క్లినిక్ నాకు నచ్చలేదు.

సెల్ఫీలు చూసి అసలు ఏ నిర్ణయానికీ రాకు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అడుగుభాగం దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికాలో లెక్కగట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీస్తే ఆ పెంపు ఉండదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డి.ఎన్.బి. (ఈమధ్య చదివినవాళ్లకైతే డి.ఆర్.ఎన్.బి.) గానీ డిగ్రీ ఉందా, లేదా ముక్కు ఆపరేషన్లలో తర్ఫీదు పొందిన ఇ.ఎన్.టి. సర్జనా అన్నది కనుక్కో. మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చూసుకో. ముక్కు లోపల లైటు వేసి చూశాడా లేదా గమనించు. ముక్కుకి మొదటి పని ఊపిరి. బొడిపె మరీ ఎక్కువ తీసేస్తే మధ్యభాగం కుంగి గాలి ఆడదు, అది సరిచెయ్యడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. మనవాళ్లలో చాలామందికి ముక్కు కొన దగ్గర చర్మం మందంగా ఉంటుంది. లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా పైకి అంతా తేలదు. అందుకే హీరోయిన్ ఫోటో పట్టుకెళ్లకు. ఆ ముక్కు ఆ బుగ్గల మధ్య కుదిరింది. లక్షణం బాగుపడుతుంది, అదృష్టం వస్తుంది అని ఊరించే డాక్టరైతే అక్కణ్నుంచి లేచి వచ్చెయ్. "నీకిది అక్కర్లేదమ్మా" అనగలిగినవాడి మాట రెండోసారి కూడా విను.

ముహూర్తానికి ముందు హడావిడిగా చేయించుకుందామనుకుంటే అది కుదరదు. కట్టు వారం ఉంటుంది, కళ్ల కింద నలుపు రెండు వారాల దాకా. నాలుగు నుంచి ఆరు వారాలు కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదు, నీకు కళ్లజోడు లేకుండా కంప్యూటర్ ముందు పని జరగదు కదా. లోపలి వాపు పూర్తిగా దిగి అసలు రూపం తేలడానికి ఏడాది. ఏదైనా సరిచెయ్యాలన్నా ఆ ఏడాదీ ఆగాల్సిందే. ఆపరేషన్‌కి ముక్కుపుడక తీసెయ్యాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో సర్జన్ చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఈ సంబంధం తప్పిపోయిందనుకో. అప్పుడు కూడా నీకీ ఆపరేషన్ కావాలా? కావాలి, కాలేజీ రోజుల నుంచీ పక్క ఫోటో దిగాలంటే ఇబ్బందిగా ఉంది అంటావా, సంతోషంగా నేనే నిన్ను తీసుకెళ్తాను. పెళ్లివారి కోసమే అయితే వద్దు. నేను చూసినవాళ్లలో ఇంకొకరి మాట కోసం చేయించుకున్నవాళ్లే ఆపరేషన్ బాగా కుదిరినా అద్దం ముందు నుంచి కదల్లేకపోయారు. ఇవాళ ముక్కన్నవాళ్లు రేపు పళ్లసందంటారు, ఎల్లుండి పుట్టుమచ్చంటారు.

క్లినిక్‌కి అడ్వాన్స్ కట్టకు. మీ రూమ్మేట్‌ని అయిదడుగుల దూరంలో నిలబెట్టి, జూమ్ పెట్టి, తెల్లగోడ ముందు ఫోటోలు తీయించు: ఎదురుగా ఒకటి, రెండు పక్కలా, ముప్పాతిక ముఖం కనిపించేలా కాస్త పక్కకి తిరిగి ఒకటి, కింది నుంచి ఒకటి, నవ్వుతూ పక్క నుంచి ఒకటి. నవ్వినప్పుడు నీ ముక్కు కొన కిందికి దిగుతుంది, అది చూడాలి. జుట్టు వెనక్కి కట్టుకో, కళ్లజోడు తీసెయ్, ఫిల్టర్లు పెట్టకు. ఆదివారం లోపల నాకు పంపు. పెళ్లివారికి ఏం జవాబు చెప్పాలో నేనూ మీ నాన్నా మాట్లాడుకుంటాం, అది నీ నెత్తిన వేసుకోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ