రాగి వేస్తే ఫిరోజా నీలం రాక పచ్చ ఎందుకు వస్తోంది?

మీ జాడీకి వేసే గ్లేజ్‌లో (కాల్చితే గాజులా మారే పూతలో) రంగు కోసం కాపర్ కార్బొనేట్ అనే రాగి పొడి 3 శాతం వేస్తే ఫిరోజా నీలం రాక గడ్డిపచ్చ వచ్చిందని, 6 శాతానికి పెంచితే నల్లబడిందని రాశారు. ఆ జాడీలో మామిడికాయ పచ్చడి పెట్టొచ్చా అని కూడా అడిగారు. ముందు పచ్చడి సంగతి: దయచేసి పెట్టకండి.

హనుమకొండలో మా డాబా మీద కుండలు కాల్చే చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ ఉంది. మొదట్లో నేనూ రంగు చాలట్లేదని రాగి పెంచుకుంటూ పోయాను. 6 శాతం వేసిన గిన్నె ఒకటి నల్లగా, లోహంలా మెరుస్తూ వచ్చింది. ఎంత నచ్చిందో! అమ్మ అందులో చింతపండు నానబెట్టింది. తెల్లారి చూస్తే పులుసు తాకిన మేరా మెరుపు పోయి గ్లేజ్ వెలిసిపోయింది. "రాగి చెంబుల చింతపండు పులుసు పోస్తమా బిడ్డా? దీంట్ల రాగి ఉందని చెప్పొద్దా?" అంది అమ్మ. నాకు చాలా భయమేసింది. ఆ పులుసు పారబోశాం.

గ్లేజ్ అంటే గాజే. అది కొంత రాగినే కరిగించుకోగలదు, మిగిలింది పైకి నల్లగా తేలుతుంది. పులుపు తగిలితే తిండిలోకి దిగేది అదే. గ్లేజ్‌లో కలిపే ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) సీసం ఉన్నదైతే ఇంకా ప్రమాదం, రాగి పడితే సీసం కూడా ఎక్కువగా దిగుతుంది.

ఇక రంగు. నీలమా పచ్చా అన్నది రాగి మోతాదు కన్నా అది ఏ గ్లేజ్‌లో పడిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. సోడియం, పొటాషియం ఎక్కువ, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) తక్కువ ఉన్న గ్లేజ్‌లో 2 శాతం కార్బొనేట్‌తోనే ఫిరోజా వస్తుంది. అదే 2 శాతం సీసం గ్లేజ్‌లోనో, అల్యూమినా, కాల్షియం ఎక్కువున్న దాంట్లోనో పచ్చగా తిరుగుతుంది. మీరు కార్బొనేట్ బదులు నల్ల కాపర్ ఆక్సైడ్ వాడితే తగ్గించి తూచండి. 1 గ్రాము ఆక్సైడ్ దాదాపు 1.4 గ్రాముల కార్బొనేట్‌తో సమానం.

మీరు వాడేది చెరువు మట్టి అన్నారు కదా, అందులోని ఇనుము కూడా నీలాన్ని మురికి చేస్తుంది. నేను ముందు తెల్లమట్టి పూత వేసి, ఆరాక కాల్చి, ఆపైన గ్లేజ్ వేస్తాను. జైపూర్ బ్లూ పాటరీలో ఫిరోజా అంత తేటగా ఉండడానికి ఒక కారణం, ఆ పాత్ర మట్టిది కాదు, చాలావరకు తెల్ల క్వార్ట్జ్ పొడిది. సోడియం గ్లేజ్ అలాంటి ఒంటి మీదే బాగా కుదురుతుంది. మన ఎర్రమట్టి మీద సన్నని పగుళ్లు వస్తాయి. పూలకుండీకి అవి అందమే, తినే గిన్నెకు వద్దు.

జాడీ పచ్చడికే కావాలంటే రంగు బయటివైపే ఉంచి, లోపల రాగీ సీసమూ లేని పారదర్శక గ్లేజ్ వేయండి. అంచు మీద రాగి పడనివ్వకండి, అది గ్లేజ్‌ను పలచన చేసి జారుస్తుంది. కాలిన జాడీ లోపల రాత్రంతా నిమ్మచెక్క ఉంచి చూడండి. మరక పడితే పక్కన పెట్టేయండి. పడకపోయినా సీసం లేదనడానికి అది రుజువు కాదు, ల్యాబ్‌లో చేయించాల్సిందే. మీ ఫ్రిట్ ఏదో, ఎన్ని డిగ్రీలకు కాలుస్తున్నారో రాయండి, ఎక్కడ మార్చాలో చూద్దాం.