రెండో ట్రాక్ రికార్డు చేయగానే మొదటిది చెరిగిపోవడం

మీ యమహా పీఎస్‌ఆర్-ఈ443 కీబోర్డులో అన్నమయ్య కీర్తనకు వేణువు స్వరం చేర్చగానే ముందు వాయించిన హార్మోనియం స్వరం మాయమైందని అడిగారు. అంటే, రెండుసార్లూ ఒకే ట్రాక్‌లో (ఒక్కో వాయింపును విడిగా దాచే అరలో) రికార్డు చేశారన్నమాట. నిండిన ట్రాక్‌పై మళ్లీ వాయిస్తే పాతది చెరిగిపోతుంది, తిరిగి రాదు.

1. ఈ కీబోర్డులో స్వరాలకు 5 ట్రాక్‌లు, స్టైల్‌కు (దానంతటదే తోడుగా మోగే వాద్య సహకారానికి) ‘ఏ’ ట్రాక్ ఉంటాయి. హార్మోనియాన్ని 1లో మళ్లీ రికార్డు చేయండి.

2. వేణువుకు, రెక్ (రికార్డు) మీటపై వేలు తీయకుండానే ట్రాక్ 2 మీట నొక్కండి. చాలామంది తప్పేది ఇక్కడే. తిరుపతిలో మా భజన బృందం కోసం వాయించినప్పుడు నేనూ తొందరపడి ముందే వేలు తీసి, ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తెరపై 2 అంకె మినుకుమినుకుమంటేనే వాయించండి.

3. ఇందులో ధ్వని కాకుండా, మీరు వాయించే మీటల నొక్కులే నమోదవుతాయి కాబట్టి, గాత్రాన్ని ఫోన్‌లో విడిగా రికార్డు చేసుకోవాలి.